"కరగడం" ఒకటా, రెండా? 5–8 ఏళ్ల పిల్లలకు వస్తువుల గుణాలు చేతులతో చూపించడం గురించి సలహా కావాలి

పెరటిమొక్క (రామ్మూర్తి నగర్, బెంగళూరు)
జనవరి 5, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్‌లో 5 నుంచి 8 ఏళ్ల పిల్లలు తొమ్మిది మందిని శనివారం సాయంత్రం ఒక గంట కూర్చోబెడుతున్నాను. ఆరుగురు తెలుగు ఇళ్ల పిల్లలు, ఇద్దరు కన్నడ, ఒక తమిళ పాప. అందరికీ ఎంతోకొంత తెలుగు వచ్చు. నేను సైన్సు చదువుకోలేదు, బీకాం చేశాను. ఇది మొదలైంది మా పాప తెచ్చిన వర్క్‌షీట్ వల్ల. మూడు గళ్ళు: సాలిడ్, లిక్విడ్, గ్యాస్. రాయి, పాలు, బెలూను బొమ్మలు కత్తిరించి సరైన గడిలో అంటించాలి. అన్నీ సరిగ్గా అంటించి స్టార్ తెచ్చుకుంది. ఆ రాత్రి దోసెపిండి గిన్నె ముందు పెట్టి "ఇది ఏ గడిలోకి వస్తుంది?" అని అడిగితే బిక్కమొహం వేసి, "ఇది వర్క్‌షీట్‌లో లేదమ్మా" అంది.

మొదటి శనివారం గుడ్డసంచీలో గోళీ, స్పాంజి, కొబ్బరిపీచు, జీడిపప్పు, రబ్బరు బ్యాండు, పటిక ముక్క వేసి, చూడకుండా తడిమి చెప్పమన్నాను. ఎన్ని మాటలు వచ్చాయో! నున్నగా, గరుగ్గా, బరకగా, పీచుపీచుగా, సాగుతోంది, చల్లగా ఉంది. ఇంగ్లీషులో అడిగితే సాఫ్ట్, హార్డ్ దగ్గర ఆగిపోయే పిల్లలే వీళ్ళు. ఇది ఇంటి భాషలోనే చేయాలని ఆ రోజే నిర్ణయించుకున్నాను.

రెండో శనివారం ఆ ఇంటి భాషే నన్ను ఆపేసింది. స్టీలు ప్లేటులో ఐసు ముక్కలు, గ్లాసు నీళ్ళలో చక్కెర పెట్టాను. కాసేపయ్యాక "చూశారా, రెండూ కరిగాయి" అన్నాను. ఆరేళ్ల బాబు ఒకడు అడిగాడు: "ఐసుని నీళ్ళలో వెయ్యలేదు కదా ఆంటీ, మరి దేంట్లో కరిగింది?" ఇంకో పాప, "అయితే చక్కెరని కూడా ప్లేటులో పెడితే కరుగుతుందా?" అంది.

ఒకే మాట రెండు వేర్వేరు పనులకి వాడానని అప్పుడే తెలిసింది. ఇంగ్లీషులో మెల్ట్, డిజాల్వ్ అని రెండు మాటలున్నాయి. వెన్న కరిగినా, ఉప్పు కరిగినా మనకి కరగడమే. ఇప్పుడు ఏం చేయాలి? మెల్ట్‌కి ద్రవీభవనం అని నేర్పాలా? ఆ మాట ఐదేళ్ల పిల్లలకి చెప్పడానికి నాకే నోరు రావడం లేదు.

---

గుంటూరు_మాస్టారు (ప్రస్తుతం వైట్‌ఫీల్డ్, కొడుకు ఇంట్లో)
జనవరి 5, రాత్రి 10:25

అమ్మా, ఆ బాబు ప్రశ్న బంగారంలాంటిది. 34 ఏళ్లు హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పాను. ద్రవీభవనం, ద్రావణం రెండూ బోర్డు మీద రాశాను, పిల్లలు వల్లించారు. పదో తరగతి పేపర్లో కూడా "చక్కెర నీటిలో ద్రవీభవనం చెందును" అని రాసినవాళ్ళు ఉన్నారు. మాట ఇచ్చాను, తేడా చూపించలేదు. ఆ లోపం నాదే.

మీరు మాట నేర్పకండి. నాలుగు గ్లాసులు పెట్టండి. ఒకదాంట్లో ఐసు మాత్రమే. ఒకదాంట్లో నీళ్ళలో ఐసు. ఒకదాంట్లో చక్కెర మాత్రమే. ఒకదాంట్లో నీళ్ళలో చక్కెర. ఐసు ముక్కలు ఒకే సైజువి, చక్కెర ఒకే చెంచాతో, నీళ్ళు ఒకే బిందెలోవి. ఇది పిల్లల చేతే కొలిపించండి, మీరు కొలవకండి.

ఇంకో మాట. మొదలుపెట్టే ముందు ఏమవుతుందో ప్రతి పిల్ల చేతా బొమ్మ గీయించండి. అంచనా వేయకుండా చూస్తే మేజిక్ షో చూసినట్టు చూస్తారు. అంచనా వేసి చూస్తే, తప్పినప్పుడు వాళ్ళే "ఎందుకు?" అంటారు. ఆ గంటసేపూ "ఎందుకంటే" అనే మాట మీ నోటి నుంచి రాకూడదు. టీచర్లకి ఇది చాలా కష్టం. మీరు టీచరు కాదు కాబట్టి మీకు సులువు కావచ్చు.

పిల్లలు ఈ రెండింటికీ ఏదో తేడా పట్టుకుంటారు. బహుశా "తనంతట తానే కరిగేది", "తోడు ఉంటేనే కరిగేది" అంటారు. వాళ్ళు పెట్టిన పేరే ప్రస్తుతానికి చాలు.

---

వేళచ్చేరి_వాణి (చెన్నై)
జనవరి 6, ఉదయం 6:50

పెరటిమొక్క గారూ, మీ గుంపులో తమిళ పాప ఉందన్నారు కదా, ఆ పాపని అడగండి. తమిళంలో ఐసు "ఉరుగుదు", ఉప్పు "కరైయుదు". రెండు వేర్వేరు మాటలు. మా పక్కింటి నాలుగేళ్ల పాప కూడా తప్పు లేకుండా వాడుతుంది. మా అబ్బాయి ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. వాడు తెలుగులో రెండింటికీ కరగడం అంటాడు, తమిళంలో రెండూ విడదీస్తాడు. మీ పోస్టు చదివాకే ఇది గమనించాను. కన్నడలో "కరగు" మనలాగే రెండింటికీ చెల్లుతుంది, కాబట్టి ఆ కన్నడ పిల్లలకీ ఇదే సందేహం వస్తుంది.

ఒక పాప భాషలో ఉన్న తేడాని మిగతా ఎనిమిది మంది గ్లాసుల్లో వెతుకుతారు. నేనైతే అక్కడి నుంచే మొదలుపెడతాను.

---

కొత్తనాన్న (మారతహళ్ళి)
జనవరి 6, ఉదయం 10:15

ఒక సందేహం, తప్పుగా అనుకోవద్దు. ఆరేళ్ల పిల్లలకి ఈ తేడా నిజంగా అవసరమా? స్కూల్లో ఎలాగూ చెబుతారు. మనం ఇంట్లో "తోడు ఉంటే కరిగేది" లాంటి సొంత మాటలు నేర్పితే, రేపు పరీక్షలో అదే రాసి మార్కులు పోగొట్టుకుంటే? మా పాపకి ఇప్పటికే ఇంగ్లీషు, హిందీ, కన్నడ, ఇంట్లో తెలుగు. ఇంకో కన్‌ఫ్యూజన్ ఎందుకని నాకు టెన్షన్.

---

ఒకటో_తరగతి_టీచర్ (కె.ఆర్. పురం)
జనవరి 6, సాయంత్రం 5:30

కొత్తనాన్న గారూ, మీ భయం అర్థమైంది. నా క్లాసులో ప్రతి సంవత్సరం జరిగేది చెబుతాను.

వెడల్పు గిన్నెలోని నీళ్ళని పిల్లల ముందే పొడుగు గ్లాసులోకి పోస్తాను. "ఇప్పుడు ఎక్కువయ్యాయా, తక్కువయ్యాయా, అంతేనా?" అంటాను. ఆరేళ్ల వాళ్ళలో చాలామంది ఎక్కువయ్యాయి అంటారు. తిరిగి గిన్నెలో పోస్తే తక్కువయ్యాయి అంటారు. అందులో వాళ్ళకి ఏ ఇబ్బందీ కనిపించదు. స్విట్జర్లాండ్‌కి చెందిన పియాజే చాలా కాలం క్రితమే దీన్ని పరిశీలించి, సుమారు ఏడేళ్ల వయసు దాకా పిల్లలు ఎత్తునో వెడల్పునో ఏదో ఒక్కటే చూస్తారని చెప్పాడు. మనం "అంతేనమ్మా, మారలేదు" అని పదిసార్లు చెప్పినా "అంతే" అని తిరిగి అప్పజెబుతారు తప్ప కంటికి కనిపించేది మారదు. నీళ్ళు, రవ్వ, కందిపప్పు వాళ్ళ చేత్తో వాళ్ళే నెలల తరబడి ఒంపుకుంటే మెల్లగా మారుతుంది. ఎవరికి ఎప్పుడు మారుతుందో చెప్పలేం.

కాబట్టి ఈ వయసులో డెఫినిషన్ చెబితే కన్‌ఫ్యూజన్ వస్తుంది, చేత్తో చేస్తే రాదు. 2020 జాతీయ విద్యా విధానం కూడా 3 నుంచి 8 ఏళ్ల దాకా పునాది దశ అని పెట్టి, ఆటల ద్వారా, పనుల ద్వారా నేర్పమంది. స్కూలు మాటలు తర్వాత వస్తాయి. చూసినదానికి పేరు తగిలించుకోవడం పిల్లలకి కష్టం కాదు. పేరు ముందు వచ్చేస్తే మాత్రం చూడడం మానేస్తారు.

---

పీణ్యా_మెటల్ (బెంగళూరు)
జనవరి 7, రాత్రి 11:05

నేను పీణ్యాలో లోహాల పని చేసేవాణ్ణి. కరగడం గురించి మాస్టారు చెప్పారు కాబట్టి నేను అయస్కాంతం గురించి చెబుతాను.

పిల్లలకి "ఇనుము అంటుకుంటుంది, ప్లాస్టిక్ అంటుకోదు" అని ముందే చెప్పేస్తారు. అయస్కాంతం చేతికిచ్చి వంటింట్లోకి వదలండి. స్టీలు అంతా ఒకటే అనుకుని బయల్దేరతారు. కొన్ని గిన్నెలకి అంటుకుంటుంది, కొన్నిటికి అంటుకోదు. ఇండక్షన్ స్టవ్ మీద పనిచేసే గిన్నె అడుగుకి గట్టిగా పట్టుకుంటుంది, మామూలు మంచి స్టీలు గ్లాసుకి జారిపోతుంది. స్టీలులో నికెల్ ఎక్కువ కలిపితే అది అయస్కాంతానికి లొంగదు. నాణేల్లో కూడా స్టీలు రూపాయి, రెండు రూపాయలవి అంటుకుంటాయి. పసుపు రంగు ఐదు రూపాయలది అంటుకోదు. మా అన్న కూతురు ఇది చూసి ఇంట్లో గిన్నెలన్నీ రెండు వరసలు పెట్టింది. కంటికి రెండూ ఒకేలా మెరుస్తున్నాయి. ఒక వస్తువు గుణం కంటితో చూస్తే తెలియకపోవచ్చు, పరీక్ష పెడితేనే తెలుస్తుందని దానికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

పెద్ద అయస్కాంతమే వాడండి, స్పీకర్లలో ఉండేలాంటిది. గోరంత ఉండే వెండి రంగు గట్టి అయస్కాంతాలు పిల్లల దగ్గరికి రానివ్వకండి. రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి లాక్కుని పేగుని చిల్లు చేస్తాయి. గడియారం బటన్ సెల్ కూడా అంతే ప్రమాదం.

---

పెరటిమొక్క
జనవరి 12, రాత్రి 8:50

నాలుగు గ్లాసులు పెట్టాం. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, కాస్త పెద్దది అవుతుంది.

బొమ్మలు గీయించాను. తొమ్మిది మందిలో ఏడుగురు ఒట్టి గ్లాసులోని చక్కెర కూడా "నెమ్మదిగా కరుగుతుంది" అని గీశారు. అరగంట కాపలా కాశారు. ఒక పాప గ్లాసు మీద చెవి పెట్టింది. చక్కెర కదలలేదు. నీళ్ళలోని ఐసు, ఒట్టి గ్లాసులోని ఐసు కన్నా ముందే అయిపోయింది. ఇది నేను ఊహించలేదు. నాకు తెలియదని పిల్లలతోనే చెప్పాను.

తమిళ పాపని అడిగాను. ఐసు గ్లాసులు చూపించి "ఉరుగుదు" అంది, చక్కెర నీళ్ళు చూపించి "కరైయుదు" అంది. ఒట్టి చక్కెర దగ్గర ఆగి "ఒణ్ణుమే ఆగలే" అంది, అంటే ఏమీ కాలేదని. మిగతా పిల్లలు ఆ రెండు మాటలూ పట్టుకుని గదంతా తిరిగారు.

తర్వాత మాస్టారు చెప్పినట్టే ఒక బాబు "ఐసుకి ఎవరూ అక్కర్లేదు, చక్కెరకి నీళ్ళు కావాలి" అన్నాడు. నేను సంతోషంగా తల ఊపబోతుంటే, దేంట్లో కరిగింది అని పోయినసారి అడిగిన బాబు లేచి, "ఐసుకి ఎవరూ అక్కర్లేకపోతే ఫ్రీజర్లో ఎందుకు కరగదు?" అన్నాడు.

గది నిశ్శబ్దమైపోయింది. మాస్టారూ, దీనికి మీరే చెప్పాలి.

---

గుంటూరు_మాస్టారు
జనవరి 12, రాత్రి 9:30

ఆ బాబు నన్ను సరిదిద్దాడు. "తనంతట తానే" అని నేను రాసింది తప్పు. ఐసుకీ తోడు కావాలి. అది కంటికి కనిపించని తోడు, వేడి. చక్కెరకి నీళ్ళు కావాలి, ఐసుకి వేడి కావాలి. తేడా అక్కడుంది. ఈ వయసులో ఒక పిల్లవాడు ఫ్రీజర్ని సాక్ష్యంగా పట్టుకొచ్చాడంటే నాకు ఎంత ఆనందంగా ఉందో చెప్పలేను. నా బదులు ఆ బాబుకి ఒక పటికబెల్లం ముక్క ఇవ్వండమ్మా.

నీళ్ళలో ఐసు ముందే అయిపోవడానికీ ఇదే కారణం. నీళ్ళు గాలి కన్నా చాలా వేగంగా వేడిని అందిస్తాయి. దీన్ని చెప్పకుండా చూపించండి. ఒక ముక్క అరచేతిలో, ఒకటి ఉన్ని శాలువాలో చుట్టి, ఒకటి థర్మాకోల్ డబ్బాలో, ఒకటి ప్లేటులో. శాలువా వేడిగా ఉంటుంది కాబట్టి అందులోది ముందు కరుగుతుందని పిల్లలు పందెం కాస్తారు. చివరి దాకా మిగిలేవి శాలువాలోదీ, డబ్బాలోదీ. అప్పుడు వాళ్ళ మొహాలు చూడండి.

---

వేళచ్చేరి_వాణి
జనవరి 13, ఉదయం 7:20

మా ఇంట్లో ఇంకో చిక్కు వచ్చింది. మీ నాలుగు గ్లాసులు నేనూ పెట్టి, చక్కెర బదులు బెల్లం కోరు వాడాను. ఒట్టి గ్లాసులోది రాత్రంతా మూత లేకుండా ఉండిపోయింది. చెన్నై గాలి సంగతి మీకు తెలుసు. పొద్దున్నకి బెల్లం చెమర్చి, అడుగున జిగటగా పాకం కట్టింది. మా వాడు "అమ్మా, నీళ్ళు లేకుండానే కరిగింది! రూలు తప్పు!" అని గంతులేశాడు.

నేను వెంటనే జవాబు చెప్పేయకుండా, ఫ్రిజ్‌లోంచి స్టీలు గ్లాసు తీసి బల్ల మీద పెట్టి, బయటివైపు ఏం వస్తుందో చూడమన్నాను. నీటి బొట్లు వచ్చాయి. "గ్లాసు కారుతోందా?" అన్నాను. తుడిచి, లోపల ఏమీ లేదని చూపించాను. చాలాసేపు ఆలోచించి, "గాల్లో నీళ్ళున్నాయి, బెల్లం తాగేసింది" అన్నాడు.

పెరటిమొక్క గారూ, ఇదే బెల్లం మీ ఇంట్లో పెట్టి చూడండి. బెంగళూరులో జనవరి గాలి పొడిగా ఉంటుంది కదా, రాత్రికి రాత్రి అంత చెమర్చదనుకుంటాను. రెండు ఊళ్ల పిల్లలూ ఫోన్లో మాట్లాడుకుంటే బావుంటుంది.

---

యలహంక_అమ్మమ్మ
జనవరి 13, మధ్యాహ్నం 2:10

అమ్మాయ్, ఫోన్లో మాట్లాడుకునేదానికి కొబ్బరినూనె కన్నా మంచిది లేదు. ఇప్పుడు మా యలహంకలో పొద్దున్నే సీసా తలకిందులు చేసినా చుక్క జారదు, తెల్లగా గడ్డకట్టి ఉంటుంది. బాల్కనీ ఎండలో పెడితే పదకొండింటికి నీళ్ళలా ఉంటుంది. సాయంత్రం మళ్ళీ మబ్బేసినట్టు తెల్లబడుతుంది. చెన్నైలో మా చెల్లెలి ఇంట్లో అదే నూనె ఈ నెలలో కూడా కరిగే ఉంటుంది. ఒకే నూనె, ఒకే రోజు, అక్కడ ద్రవం, ఇక్కడ గట్టి. మా మనవడు రెండు సీసాల ఫొటోలూ పక్కపక్కన పెట్టుకుని, "ఇది సాలిడ్ ఆ, లిక్విడ్ ఆ అమ్మమ్మా?" అని అడిగి, తనే "ఎప్పుడు, ఎక్కడ అని అడగాలి" అన్నాడు. కొబ్బరినూనె 24, 25 డిగ్రీల దగ్గర మారుతుందని మా అల్లుడు చెప్పాడు. మీ గళ్ళ వర్క్‌షీట్‌లో కొబ్బరినూనె లేకపోవడానికి కారణం అదే అయ్యుంటుంది.

మాటల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. మనం నూనె నీళ్ళకన్నా "చిక్కన" అంటాం. చిక్కనిది కాబట్టి బరువనీ, మునుగుతుందనీ పిల్లలు అనుకుంటారు. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. నూనె పైకి తేలుతుంది. తేనె కూడా చిక్కనే, అది అడుక్కి పోతుంది. సన్నటి గాజు గ్లాసులో తేనె, నీళ్ళు, నూనె ఒకదాని మీద ఒకటి గ్లాసు గోడ వెంబడి మెల్లగా పోస్తే మూడు పొరలు కడతాయి. తర్వాత ఒకే చిన్న గిన్నెతో నిండుగా కొలిచి, వంటింటి త్రాసు మీద మూడింటినీ తూయండి. చిక్కదనం వేరు, బరువు వేరు అని త్రాసే చెబుతుంది. జారే వేగం చూడాలంటే వాలుగా పెట్టిన ప్లేటు మీద ఒక్కో చుక్క వేసి పరుగుపందెం పెట్టండి. మా వాడికి అదే ఎక్కువ నచ్చింది.

---

కొత్తనాన్న
జనవరి 15, రాత్రి 10:40

పండగ సెలవుల్లో మా పాపతో ఒకటి చేశాను, చెప్పాలనిపించింది.

మా దగ్గర మూడు రకాల నీళ్ళు: కావేరి, టాంకర్ బోరు నీళ్ళు, ఆర్వో. మూడు నల్లటి ప్లేట్లలో నాలుగేసి చెంచాలు పోసి ఎండలో పెట్టాం. ముందే బొమ్మ గీయమన్నాను. "నీళ్ళు పోతాయి, ప్లేటు ఖాళీ" అని మూడూ ఒకేలా గీసింది. సాయంత్రానికి బోరు నీళ్ళ ప్లేటు మీద తెల్లటి వలయాలు దట్టంగా మిగిలాయి, కావేరి నీళ్ళవి పలచగా, ఆర్వో ప్లేటు దాదాపు శుభ్రంగా ఉంది. పాప వేలితో తుడిచి, "ఇది నీళ్ళలో ఎక్కడ దాక్కుంది నాన్నా?" అంది.

నాకు మాస్టారి గ్లాసులు గుర్తొచ్చాయి. చక్కెర కరిగితే మాయమైపోతుందని అది నమ్ముతోందని అప్పుడు తెలిసింది. మర్నాడు డిజిటల్ త్రాసు మీద గ్లాసుతో సహా నీళ్ళు తూచాం, పక్కన కాగితంలో 20 గ్రాముల ఉప్పు తూచాం. కలిపి, ఉప్పు గింజ కనిపించనంత దాకా తిప్పి, మళ్ళీ తూచాం. సరిగ్గా 20 గ్రాములు పెరిగింది. "కనిపించట్లేదు కానీ ఉంది" అని పాప మూడుసార్లు అంది. మొదటిసారి నాతో, తర్వాత వాళ్ళమ్మతో, తర్వాత ఊళ్లో ఉన్న నానమ్మతో ఫోన్లో.

మార్కుల భయం నాకు పూర్తిగా పోలేదు. కానీ ఈ వాక్యం పాప సొంతంగా చెప్పింది. కాబట్టి శనివారాలు మేమూ కొనసాగిస్తాం.

---

ఒకటో_తరగతి_టీచర్
జనవరి 15, రాత్రి 11:20

చాలా బావుంది. ఆ ఉప్పునీళ్ళని వెడల్పు ప్లేటులో కదపకుండా రెండు మూడు రోజులు వదిలేయండి, గింజలు తిరిగి వస్తాయి. భూతద్దంతో చూస్తే చిన్న చిన్న చదరాలు కనిపిస్తాయి. చక్కెరతో చేయకండి. జిగటగా ఉండిపోతుంది, చీమలు పడతాయి.

అందరూ ఉత్సాహంగా ఉన్నారు కాబట్టి జాగ్రత్తలు కూడా రాస్తాను. కర్పూరం గట్టిగా ఉండి నేరుగా గాల్లో కలిసిపోతుందని చూపించడం మంచి పాఠమే. కానీ చిన్నపిల్లలు కొద్దిగా మింగినా ఫిట్స్ రావచ్చు. పెద్దవాళ్ళ చేతిలోనే ఉండాలి, మూత ఉన్న గాజు సీసాలో. కలరా ఉండలు అసలే వద్దు. పసుపులో సున్నం కలిపి పారాణి ఎర్రగా మారడం చూపించాలనిపిస్తుంది, కానీ సున్నం కంట్లో పడితే ప్రమాదం. దానికి బదులు పసుపు మరక మీద సబ్బు నీళ్ళు రాయండి, అలాగే ఎర్రబడుతుంది, నిమ్మరసం పిండితే తిరిగి పసుపవుతుంది. నీళ్ళలో ఉబ్బే రంగు రంగుల జెల్ గోళీలు కొనకండి, మింగితే కడుపులో ఉబ్బుతాయి. వేడి పని ఏదైనా పెద్దవాళ్ళే చేయాలి, పిల్లలు రెండడుగుల దూరంలో నిలబడి చూడాలి.

ఖరీదైన కిట్లు అక్కర్లేదు. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 స్కూళ్లలో మొదలైన సైన్సు బోధన కార్యక్రమం ఇలా దగ్గర్లో దొరికే వస్తువులతోనే నడిచింది. తర్వాత 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ దాన్ని ముందుకు తీసుకెళ్ళింది. అర్వింద్ గుప్తా గారు అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో ఆకారాలు కట్టించడం అక్కడే మొదలుపెట్టారు. ఆ ట్యూబు సాగడం, అగ్గిపుల్ల విరగడం కూడా వస్తువుల గుణాలే.

---

పీణ్యా_మెటల్
జనవరి 17, రాత్రి 10:30

వేడితో కరగడానికి పొయ్యే అక్కర్లేదని చూపించాలంటే ఒక ఆదివారం చెన్నపట్నం వెళ్ళండి. మైసూరు రోడ్డులో సుమారు 60 కిలోమీటర్లు. లేత్ మీద బొమ్మ గిర్రున తిరుగుతుంటే పనివాళ్ళు రంగు లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. రాపిడికి పుట్టిన వేడికే లక్క మెత్తబడి కర్రకి పట్టేస్తుంది. తర్వాత ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. పిల్లలు ముందు అరచేతులు రుద్దుకుని బుగ్గ మీద పెట్టుకోవాలి, తర్వాత ఆ లేత్ చూడాలి.

తెలుగువాళ్ళకి ఇందులో ఇంకో సంతోషం ఉంది. అక్కడ సంప్రదాయంగా వాడే ఆలె మర కర్రా, మన ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్రా ఒకే చెట్టు. ఆ కర్ర ముక్క ఒకటి, మామూలు టేకు ముక్క ఒకటి, దొరికితే చింతకర్ర ఒకటి ఇంటికి తెచ్చుకుని గోరుతో గీరి, నీళ్ళలో వేసి, త్రాసు మీద పెట్టి చూడండి. బొమ్మలకి ఆ కర్రే ఎందుకు ఎంచుకున్నారో చేతికి తెలుస్తుంది.

వాన పడితే కస్తూర్బా రోడ్డులో విశ్వేశ్వరయ్య మ్యూజియం ఉంది. 1962 నుంచి ఉన్నది, మీటలు తిప్పి చూసే యంత్రాలు బోలెడు. చెన్నైవాళ్ళకి కొట్టూర్పురంలో సైన్సు సెంటర్ ఉంది.

---

పెరటిమొక్క
జనవరి 19, రాత్రి 9:15

ఈ వారం శాలువా పందెం పెట్టాం. అందరూ ఓడిపోయారు. శాలువా విప్పినప్పుడు ఐసు ఇంకా ఉండడం చూసి వచ్చిన అరుపుకి కింది ఫ్లోర్‌వాళ్ళు పైకి వచ్చారు, వాళ్ళమ్మాయిని కూడా వచ్చే వారం నుంచి పంపుతామన్నారు. మా బెల్లం చెమర్చలేదు, వాణి గారూ. ఫోన్లో మీ వాడు "మీ గాల్లో నీళ్ళు లేవా?" అని అడిగితే మా పిల్లలు కాస్త చిన్నబుచ్చుకున్నారు.

అసలు చెప్పాలనుకున్నది ఇది. మా పాప నోటుబుక్కులో రెండు వరసలు గీసింది. ఒకటి "వేడి కావాలి", ఇంకొకటి "నీళ్ళు కావాలి". మొదటిదాంట్లో ఐసు, వెన్న, కొవ్వొత్తి, కొబ్బరినూనె, లక్క. రెండోదాంట్లో ఉప్పు, చక్కెర, బెల్లం, పటిక. రాసి, కాసేపు చూసి, "చక్కెరకి వేడి ఇస్తే ఏమవుతుంది?" అంది.

పిల్లలందరినీ దూరంగా నిలబెట్టి, నేను అడుగు మందం మూకుడులో చక్కెర మాత్రమే వేసి సన్న సెగ మీద పెట్టాను. చుక్క నీళ్ళు లేవు. మొదట ఏమీ కాలేదు. తర్వాత అంచుల్లో తడిసినట్టు మెరిసింది, తర్వాత బంగారు రంగు పాకం అయింది. ఎవరూ మాట్లాడలేదు. తమిళ పాప మెల్లగా "ఉరుగుదు" అంది. మా పాప చక్కెరని రెండో వరసలో ఉంచి, మొదటి వరసలో కూడా రాసుకుంది.

తర్వాత ఉప్పు కూడా అలాగే పెట్టమన్నారు. పావుగంట వేడి చేశాను. చిటపటలాడింది తప్ప కరగలేదు. పాప ఉప్పు పక్కన ప్రశ్న గుర్తు పెట్టి, "మాస్టారు తాతయ్యని అడుగు" అంది.

---

గుంటూరు_మాస్టారు
జనవరి 19, రాత్రి 9:50

తాతయ్య చెబుతున్నాడని చెప్పమ్మా. ఉప్పు కూడా వేడికి కరుగుతుంది. కానీ దానికి 801 డిగ్రీలు కావాలి. చక్కెరకి 186 దగ్గర సరిపోతుంది, ఐసుకి సున్నా దాటితే చాలు. మన మూకుడుకి 801 అందదు, ప్రయత్నించకూడదు కూడా. చిటపటలాడింది గింజల్లో చిక్కుకున్న తేమ.

వీలైతే వంటింటి థర్మామీటరుతో మరిగే నీళ్ళు కూడా మీరే కొలిచి, పిల్లల చేత అంకె చదివించండి. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ నీళ్ళు 97 దగ్గరే మరుగుతాయి. వాణి గారి ఇంట్లో 100 చూపించాలి. పుస్తకంలో ఉన్న 100 మన ఇంట్లో ఎందుకు రాలేదని ఆ ఫ్రీజర్ బాబు తప్పకుండా అడుగుతాడు.

---

వేళచ్చేరి_వాణి
జనవరి 20, ఉదయం 6:40

థర్మామీటరు కొన్నాను మాస్టారూ. శనివారం సాయంత్రం ఐదింటికి రెండు ఊళ్లలో ఒకేసారి గిన్నె పెడదాం.

---

పెరటిమొక్క
జనవరి 20, రాత్రి 8:30

సరే వాణి గారూ, ఐదింటికి. మా పాప ఉప్పు పక్కన ప్రశ్న గుర్తు కొట్టేసి 801 అని రాసుకుంది. శుక్రవారం రాత్రి దోసెపిండి రుబ్బి, గాజు సీసాలో సగానికి పోసి, ఎక్కడ దాకా ఉందో రబ్బరు బ్యాండుతో గుర్తు పెడతాం. శనివారం పిల్లలు వచ్చేసరికి పొంగి బుడగలు కనిపిస్తాయి. ఏ గడిలోకి వస్తుందో వాళ్ళనే అడుగుతాను.